ఫిష్షా, ఫ్లెష్షా? ఒక 'మంగర్' గొడవ

పాతపుస్తకం:
నాలుగు రోజుల నుంచి ఒక మాట బుర్ర తొలిచేస్తోంది. డిగ్రీలో షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ చెప్పిన మా మాస్టారు, అందులో రాకుమారుడు హామ్లెట్ ముసలి మంత్రి పొలోనియస్‌ని పట్టుకుని 'నువ్వో ఫ్లెష్‌మాంజర్‌వి' అంటాడని చెప్పినట్టు గుర్తు. క్లాసంతా నవ్వింది. నాకు అర్థం కాకపోయినా నేనూ నవ్వాను. పుస్తకమేమో అటక మీద పెట్టెలో ఉంది, దాని మీద ఇంకో నాలుగు పెట్టెలున్నాయి. ఆ మాట ఫ్లెష్షేనా? తిట్టేనా?

గోదారిగట్టు:
ముందు ఆ 'జ' తీసేయండి, అది మంగర్, అంటే అమ్మేవాడు. ఇక హామ్లెట్‌లో ఉన్నది ఫిష్‌మంగర్, చేపలవాడు. రెండో అంకం, రెండో రంగం. ఫ్లెష్‌మంగర్, అంటే మాంసం బేరగాడు, షేక్‌స్పియర్‌దే ఇంకో నాటకం 'మెజర్ ఫర్ మెజర్' చివర్లో వస్తుంది. నగరాన్ని ఏలే డ్యూక్ మీద తాను వాగిన వాగుడంతా, సన్యాసి వేషంలో ఉన్న ఆ డ్యూక్‌కే అంటగడతాడు చూడండి లూషియో అనే వదరుబోతు, అక్కడ. మీ మాస్టారు రెండూ కలిపేసి ఉంటారు.

పాతపుస్తకం:
మా మాస్టారు కలిపే మనిషి కాదండీ.

బెత్తంమాస్టారు:
ఫిష్ సరే, కానీ అక్కడ ధ్వని ఫ్లెష్షే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నమ్మండి. అదే రంగంలో కాస్త ముందు పొలోనియస్ రాజుతో ఏమంటాడు? మా అమ్మాయిని అతని దగ్గరికి వదులుతాను, మనం చాటు నుంచి చూద్దాం అంటాడు. కూతుర్ని ఎరగా కట్టిన తండ్రిని చేపలవాడంటే దానర్థం తార్పుడుగాడనే.

గోదారిగట్టు:
అలా అయితే తర్వాతి మాట అతకదు మాస్టారూ. 'నేను కాదు ప్రభూ' అంటాడు ముసలాయన. 'అయితే నువ్వు వాళ్లంత నిజాయితీపరుడివైనా బాగుండేది' అంటాడు హామ్లెట్. చేపలవాడు నిజంగా చేపలవాడైతేనే ఆ దెబ్బ తగులుతుంది. చేపలామె తూకంలో ఎంత మాయ చేసినా, మొప్ప ఎత్తి ఎరుపు చూపించాకే కదా డబ్బు అడుగుతుంది! కోలరిడ్జ్ కూడా దీన్ని బూతుగా తీసుకోలేదు. నా గుట్టు లాగడానికి గాలం పట్టుకొచ్చావు అని అర్థం చెప్పాడు.

బెత్తంమాస్టారు:
కోలరిడ్జ్ కవి. ఆయనకి కనిపించనిది లేదు.

క్రాయిడన్‌తెలుగు:
ఇక్కడ లండన్‌లో అది తిట్టు కాదండీ, బోర్డు మీద పేరు. ఫిష్‌మంగర్, చీజ్‌మంగర్ మామూలే. మొన్న తలుపు బందుకి స్క్రూలు కావాలని వెళ్లిన షాపు మీద ఐరన్‌మంగర్ అని బంగారు రంగు అక్షరాలు. పెద్దాయన నాలుగే నాలుగు స్క్రూలు లెక్కపెట్టి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. లండన్ బ్రిడ్జ్ పక్కన ఫిష్‌మంగర్ల హాలు రాజభవనంలా ఉంటుంది. వాళ్ల సంఘానికి 1272లోనే రాజు ఇచ్చిన పట్టా ఉంది.

మామిడితోట:
ఇది మన మాటేనేమో ఎవరైనా ఆలోచించారా? మ్యాంగో, మంగర్! మామిడికాయలు అమ్మినవాడు మంగర్. తెల్లవాళ్లు ఎత్తుకుపోయారు.

గోదారిగట్టు:
తోటగారూ, మ్యాంగో మలయాళం 'మాంగ' నుంచి పోర్చుగీసు వాళ్ల నోట పడి వెళ్లింది. వాళ్లు ఇటు ఓడ ఎక్కడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఇంగ్లిష్‌లో 'మంగెరె' ఉంది. లాటిన్‌లో 'మాంగో' అంటే బేరగాడు, అందులోనూ బానిసల బేరగాడు. సరుక్కి పైపూత పూసి అమ్మేవాడు.

బెత్తంమాస్టారు:
అంటే పుట్టుకలోనే మచ్చ ఉందన్నమాట. నేననేదీ అదే.

గోదారిగట్టు:
లాటిన్‌లో ఉంది, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి కడిగేసుకుంది. వెయ్యేళ్ల కిందట ఎల్ఫ్రిక్ అనే సన్యాసి పిల్లలకి లాటిన్ నేర్పడానికి సంభాషణలు రాశాడు. అందులో వర్తకుడి లాటిన్ మాట పైన ఇంగ్లిష్‌లో రాసిన అర్థం ఈ మంగెరే. రాజుకీ ప్రజలకీ నేను కావాలి, సముద్రం దాటి పట్టు, రత్నాలు, దంతం తెస్తాను అంటాడు. కొన్న ధరకే అమ్ముతావా అని అడిగితే, మరి నా కష్టానికి ఫలమేది, పెళ్లాన్నీ కొడుకునీ పోషించుకోవద్దా అంటాడు. ఇందులో మచ్చ ఎక్కడుంది?

వడ్లగింజ:
నాకో లెక్క తోస్తోంది. చేత్తో పట్టుకోగలిగిన సరుకు ముందుంటే మంగర్ మర్యాదస్తుడు: ఇనుము, చేప, చీజు. పట్టుకోలేనిది ముందుంటే తిట్టు: యుద్ధాలు రెచ్చగొట్టే వార్‌మంగర్, పుకార్లు మోసే స్కాండల్‌మంగర్. వార్‌మంగర్ 1590లో కవి స్పెన్సర్ దగ్గరే కనిపిస్తుంది కాబట్టి షేక్‌స్పియర్ నాటికి ఆ రెండో దారి తెరుచుకునే ఉంది.

బెత్తంమాస్టారు:
హోర్‌మంగర్ (హోర్ అంటే వేశ్య) సంగతేమిటమ్మా? అదీ ఆ కాలంలోదే. పట్టుకోలేని సరుకా అది?

వడ్లగింజ:
😂 ఓడిపోయాను. కానీ ఫ్లెష్ సరిగ్గా గట్టు మీద నిలబడింది చూడండి. పాత ఇంగ్లిష్‌లో ఫ్లెష్‌మంగర్ అంటే మాంసం కొట్టువాడే, వించెస్టర్‌లో వాళ్ల పేరుతో వీధే ఉండేది. లూషియో నోటికి వచ్చేసరికి అదే మాట బూతైంది. సరుకు మారలేదు, చూపు మారింది.

మామిడితోట:
తెలుగులో దీనికి మన 'కోరు' సరిపోదూ? లంచకోరు, జగడాలకోరు. వార్‌మంగర్‌కి యుద్ధాలకోరు. యుద్ధోన్మాది అంటే పిచ్చివాడనిపిస్తుంది, వీడికి పిచ్చేం లేదు, లాభం ఉంది.

గోదారిగట్టు:
మాట బాగుంది. కానీ ఆ కోరు 'కోరుకోవడం' కాదు, పారసీ 'ఖోర్', తినేవాడు. హరామ్‌ఖోర్‌లో ఉన్నదే.

మామిడితోట:
జగడాలకోరు జగడాలు తింటాడా? కోరతాడు! అన్నీ పారసీకి రాసిచ్చేయకండి.

బెత్తంమాస్టారు:
మీరిద్దరూ 'కోరు' దగ్గరే ఆగిపోతారని నాకు తెలుసు. పొలోనియస్‌ని తెలుగులో ఏమనాలో చెప్పండి. చేపలవాడంటే నవ్వు రాదు, తార్పుడుగాడంటే దాచడానికేమీ మిగలదు.

వడ్లగింజ:
'నువ్వు బేరగాడివి' అంటే? బేరం అంటే చేపల బేరమూ అవుతుంది, ఆ బేరమూ అవుతుంది. పైగా బేహారం నలిగి నలిగి బేరం అయినట్టే మంగెరె అరిగి మంగర్ అయింది.

క్రాయిడన్‌తెలుగు:
కానీ చేప పోయింది కదండీ. గాలం ఎలా వేస్తాడు?

వడ్లగింజ:
'చేపల బేరగాడివి'?

బెత్తంమాస్టారు:
ఊఁ. పర్వాలేదు. నేనైతే 'చేపల' తీసేస్తాను.

గోదారిగట్టు:
నేను ఉంచుతాను.

పాతపుస్తకం:
పెట్టెలు దింపించాను. హామ్లెట్ దొరకలేదు. మెజర్ ఫర్ మెజర్ దొరికింది, అట్ట లేదు, చివరి పేజీలు చెదలు తినేశాయి. మొదటి పేజీ మూల పెన్సిల్‌తో నా రాతే: 'మాంజర్ = ? రేపు అడగాలి'.

గోదారిగట్టు:
అది మంగర్ అండీ.