కుక్కలను కలిపి ఆడించే యాప్: మ్యాప్ దగ్గర ఆగిపోయాను, సలహా ఇవ్వండి

మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. మా లాబ్రడార్‌కు ఏడాదిన్నర. సాయంత్రమైతే గేటు కమ్మీల మధ్య మూతి పెట్టి, దారిన పోయే ప్రతి కుక్కకూ తోక ఊపుతుంది. దానికి తోడు వెతకబోయి, పెంపుడు కుక్కల వాళ్ళను కలిపే యాప్ ఫ్లట్టర్‌లో (యాప్‌లు తయారుచేసే టూల్) మొదలుపెట్టాను. (ముందు నువ్వు పక్కింటివాళ్ళతో మాట్లాడు అంటోంది మా ఆవిడ. అది వేరే సంగతి.)

దగ్గర్లో ఎవరున్నారో చూపించాలి, కానీ ఇల్లు ఎక్కడో తెలియకూడదు. అందుకు జియోహాష్ వాడుతున్నాను, అంటే మ్యాప్‌ను గడులుగా విడగొట్టి ఒక్కో గడికి అక్షరాల కోడ్ ఇచ్చే పద్ధతి; అక్షరాలు తగ్గితే గడి పెద్దదవుతుంది. అందులో ఆరు అక్షరాలు ఉంచితే గడి వెడల్పు సుమారు 1.2 కిలోమీటర్లు, ఐదుంచితే దాదాపు 5. ఆరుతో వేదాయపాళెం వాళ్ళు కనపడటం లేదు, ఐదుతో ఊరంతా వచ్చి పడుతోంది. ఆరు ఉంచి పక్క గడులు కూడా వెతికితే సరిపోతుందా? చేసినవాళ్ళు చెప్పండి.

ఇంకోటి, టీకాలు. రేబిస్, పార్వో టీకాలు పడని కుక్కను కలపనివ్వను, అందులో రాజీ లేదు. టీకా కార్డు ఫొటో చాలా, తర్వాతి డోసు తేదీ విడిగా అడగాలా? ఫారం పొడుగైతే వదిలేస్తారని టెన్షన్. మొన్న పక్కింటాయనకు ఇచ్చి చూస్తే మూడో పేజీలోనే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

అన్నట్టు, బటన్ మీద "ప్లేడేట్" అని రాస్తే ఆయన డేటింగ్ యాప్ అనుకున్నాడు. తెలుగులో ఏం పెట్టమంటారు?