బొగ్గు కేంద్రం పోయి నిల్వ కేంద్రం వస్తే నష్టం ఎవరికి?

మద్దిలపాలెం మాస్టారు: పరవాడ దగ్గరి 2000 మెగావాట్ల సింహాద్రి వంటి బొగ్గు కేంద్రాలను దశలవారీగా తగ్గించి, పగటి సౌరవిద్యుత్తును బ్యాటరీల్లోనూ, నీటిని పై జలాశయానికి ఎక్కించి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీలోనూ దాచుకొని రాత్రి వాడుకోవాలంటున్నారు. నా మటుకు నాకు ఇది న్యాయమైన మార్పే.

విశ్రాంత ఇంజనీరు: నిల్వ కేంద్రం విద్యుత్తును పుట్టించదు మాస్టారూ. నీటిని పై జలాశయానికి ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చుచేస్తే తిరిగి వచ్చేవి సుమారు 75 నుంచి 80. ఉత్పత్తి సంగతి తేల్చకుండా నిల్వ గురించి మాట్లాడటం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

మాస్టారు: బొగ్గులోని శక్తిలో సగానికి పైగా వేడిగానే పోతుందని మీకు నేను చెప్పాలా?

ఇంజనీరు: అది వేరే లెక్క. మధ్యలో పోయే నా 20, 25 యూనిట్లకు జవాబు రాలేదు.

పరవాడ వాసి: మా నాన్న ఒక పరిశ్రమకు, దాని పేరు ఎందుకు లెండి, ఎకరం ముప్పై సెంట్ల జీడితోట ఇచ్చారు. ఇంటికో ఉద్యోగమన్నారు. పద్దెనిమిదేళ్లుగా నేను కాంట్రాక్టు కూలీనే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా గేటుపాసు కొత్తది, సర్వీసు మళ్లీ సున్నా. కేంద్రం మూస్తే పర్మినెంటు వాళ్లకు బదిలీ ఉంటుంది, మాకేముంటుంది? బ్యాటరీ పెట్టెల దగ్గర బూడిద ఎత్తేవాళ్ల అవసరం లేదు.

ఇంజనీరు: అందుకే కేంద్రాలు నడవాలంటున్నాను.

పరవాడ వాసి: నా భుజం మీద తుపాకీ పెట్టి కాల్చకండి సార్. సర్వీసులో ఉండగా మీకు మేమెప్పుడైనా గుర్తొచ్చామా?

గాజువాక వాసి: తమ్ముడికి ముందు జవాబివ్వండి.

పాడేరు వాసి: మీకు పోయేది గేటుపాసు, మాకు పోయేది కొండ. ఒక జలాశయం పైన, ఒకటి కింద కట్టేందుకు కావలసిన ఎత్తు మన్యంలోనే కనిపిస్తుంది. గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డు ప్రాంత భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం అంటుంది. సంప్రదించడమంటే తయారుచేసి తెచ్చిన తీర్మానం మీద వేలిముద్రలు వేయించుకోవడం కాదు.

మాస్టారు: కాదనను. అయితే అందరికీ న్యాయం జరిగేదాకా ఆగితే ఏ మార్పూ రాదు. ముందు పని మొదలైతే పరిహారం తర్వాత చూసుకోవచ్చు.

పరవాడ వాసి: తర్వాత అన్న మాటను మా నాన్న కూడా నమ్మారు మాస్టారూ.

మాస్టారు: అయితే ముందుగా ఏం రాసివ్వాలంటారు?

పరవాడ వాసి: ఆ పద్దెనిమిదేళ్ల గేటుపాసుల తేదీలన్నీ కలిపి, ఒకే సర్వీసుగా లెక్కకట్టిన కాగితం.