వెర్లెన్ పాదంలో "ఎమ్": లైకా, లవ్వా?

నీలికలం: ఫ్రెంచి కవి వెర్లెన్‌ది 1866లో వచ్చిన సానెట్ (పద్నాలుగు పాదాల కవిత), కలలోకి వచ్చే తెలియని స్త్రీ మీద. రెండో పాదం చివర "ఎ కి జెమ్, ఎ కి మెమ్" అనేనా? ఇంగ్లీషు ద్వారా ఫ్రెంచి నేర్చుకునే మా బ్యాచ్‌లో ఈ ఎమ్ (ఫ్రెంచిలో లైక్‌కీ, లవ్‌కీ ఒకే క్రియ) లైకా, లవ్వా అని ఒకటే గొడవ.

ఛందోవాది: మొదటిది "కి" కాదండీ, "క". నేను ప్రేమించే ఆమె: క జెమ్. నన్ను ప్రేమించే ఆమె: కి మెమ్. ఆ ఒక్క అచ్చూ తప్పితే వాక్యమే చెడుతుంది.

నిశాచరి: అడిగింది అది కాదు కదా. మనిషి విషయంలో ఉత్త ఎమ్ అంటే లవ్వే. "బియాఁ" చేరిస్తే పలచబడుతుంది. "జ తెమ్ బియాఁ" అంటే నువ్వంటే ఇష్టమే, అంతకుమించి ఏమీ లేదు. బియాఁ అంటే "బాగా" కదా అని ఇంగ్లీషువాళ్లు గట్టిగా చెప్పబోయి ఎదుటివాళ్ల మనసు విరిచేస్తారు.

ఛందోవాది: ఈ పాదంలో బియాఁ పట్టదు. 12 అక్షరాలు, ఆరు దగ్గర విరుపు.

పాతపుస్తకం: నా లెక్కకి 13. రాతలో జెమ్ చివర ఉండే "అ" ఎటు పోయింది?

ఛందోవాది: వెనకే అచ్చు వచ్చింది, లోపించింది. పాదం మొదట్లో "ద్యూన ఫామ్ ఎఁకొన్యూ" (ఒక తెలియని స్త్రీ గురించి) అని ఉంది కదా, అందులో "ద్యూన" చివరిది మాత్రం పలకాలి, వెనక హల్లు కాబట్టి. ద్యూ-న-ఫా-మెఁ-కొ-న్యూ. ఆరయ్యాయా? దీన్ని మన యతితో కలపకండి, అక్కడ అక్షరమైత్రి ఉండదు.

నిశాచరి: "తు మ ప్లే" అని ఉంటే ఈ తగువే లేదు. నువ్వు నాకు నచ్చావు. కర్త "నువ్వు", నచ్చింది "నాకు". మనకి అలవాటైన నడకే, ఇంగ్లీషువాళ్లకే తలకిందులు.

పాతపుస్తకం: వాళ్లు అంతకంటే ముందు కోరిక దగ్గరే పడతారు. ఏం కావాలన్నా "జ వొ" అనేస్తారు, మొరటుగా ఉంటుంది. "జ వుద్రె" అనాలి. జున్ను ఇష్టమైతే "జెమ్ ల ఫ్రొమాజ్", కాస్త కావాలంటే "జ వుద్రె ద్యూ ఫ్రొమాజ్". ల, ద్యూ తేడా చాలామంది పట్టించుకోరు.

నీలికలం: జున్ను సరేనండీ, నా ఎమ్ సంగతి?

ఛందోవాది: అసలు అందం మూడో పాదంలో ఉంది. "కి మెమ్"కి ప్రాస ఇంకో "మెమ్". ఇది "నన్ను ప్రేమించే", అది "అదే మనిషి". రాతలో వేరు, చెవికి ఒకటే. పైగా ఆ రెండోదాని ముందు "కాదు" ఉంది: ప్రతిసారీ పూర్తిగా అదే మనిషి కాదు, పూర్తిగా వేరే మనిషీ కాదు.

నిశాచరి: నాలుగో పాదం వదిలేశారేం? "ఎ మెమ్ ఎ మ కొంప్రాఁ". ప్రేమిస్తుంది, అర్థం చేసుకుంటుంది. పక్కన అర్థం చేసుకోవడం ఉన్నాక ఇంకా లైకేమిటి?

పాతపుస్తకం: అర్థం చేసుకోడానికి లైక్ చాలదా ఏం?