'మూస' పాత్రది, 'ముద్ర' నటుడిది

నటుడు ఒకే తరహా వేషాలకి పరిమితమైపోవడాన్ని, అంటే టైప్‌కాస్ట్ అయిపోవడాన్ని, తెలుగులో ఏమంటారని మన నిఘంటువు పట్టిక కోసం నిన్న ఒక తమ్ముడు అడిగాడు. చాలామంది 'మూస' అన్నారు. పాత్రకైతే ఆ మాట సరిపోతుంది గానీ, నటుడికి సరిపోదు.

విజయవాడ వన్‌టౌన్‌లో మా వాటాకి ఎదురుగా ఒక కంసాలి బాబాయిగారు ఉండేవారు. కుంపట్లో నిప్పుల మధ్య చిన్న మట్టిగిన్నె పెట్టి, ఊదుగొట్టంతో ఊదేవారు. ఆ గిన్నే మూస. అమ్మ తెగిపోయిన గొలుసు ఇస్తే అందులో వేశారు. కాసేపటికి కొక్కెం లేదు, లంకెలు లేవు, ఎర్రటి ముద్ద కదులుతోంది. మూసలో పడ్డది పాత రూపం వదిలేస్తుంది! ఒకే రూపంలో ఇరుక్కున్న మనిషికి ఆ మాటెలా పెడతాం? 'మూసపోసినట్టు' అని వాడుక ఉంది, నిజమే. అక్కడ పోత ముఖ్యం. పాత్రలన్నీ ఒకే పోతవి గనక 'మూస పాత్ర' అనడం సబబే.

నటుడికి 'ముద్ర' కావాలి. క్రియ చూడండి. 'తనదైన ముద్ర వేశాడు' అంటే మెచ్చుకోలు. 'కామెడీ ముద్ర పడింది' అంటే బాధ. మాట ఒకటే. వేసినది తనైతే గౌరవం, పడినదైతే బరువు.

'సుత్తి' సంగతే తీసుకోండి. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' వచ్చాక, మన విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన హాస్యనటుడు వీరభద్రరావుకీ, ఆయన జోడీ వేలుకీ అది ఇంటిపేరైపోయింది. 1985లో 'ప్రతిఘటన'లో మతి చెదిరిన కానిస్టేబులుగా వేలు గుండె పిండేశారు. అయినా పేరు ముందు సుత్తి అలాగే ఉండిపోయింది.

మా మేనమామ తెనాలి వైపు నాటకాల్లో ఏళ్ల తరబడి నక్షత్రకుడు, అదే, అప్పు తీర్చమని హరిశ్చంద్రుణ్ణి వెంటబడి వేధించే వేషం. బతిమాలి బతిమాలి ఒక రాత్రి హరిశ్చంద్రుడి వేషం కట్టాడు. కాటిసీను, భుజాన కర్ర. తెర లేవగానే "అప్పు తీర్చవయ్యా!" అని ముందు వరసలోంచి కేక, జనమంతా గొల్లుమన్నారు. మావయ్య కదల్లేదు. జాషువా పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పద్యానికి నవ్వులు సన్నగిల్లాయి, రెండోదానికి చాపల మీద పిల్లల్ని కూడా ఊరుకోమన్నారు. నేను ఆ రాత్రి ఏడ్చాను. నెల తిరక్కుండా మళ్లీ కబురొచ్చింది, నక్షత్రకుడి వేషానికే. జనానికి నచ్చింది కదా, ఇంకొక్క అవకాశం ఇస్తే ఏం పోయేదో!

గుంటూరు నుంచి ఒక అక్కయ్య: మరి 'అచ్చోసిన ఆంబోతు' అంటాం కదా తమ్ముడూ? అచ్చు కూడా ముద్రే.

మంచి మాట గుర్తుచేశారక్కా. అచ్చు వేసి దేవుడి పేర వదిలిన ఆంబోతుని ఎవరూ కట్టెయ్యరు, ఊరంతా దాని ఇష్టం. ఆ ముద్ర వదిలిపెడుతుంది, నటుడి ముద్ర కట్టిపడేస్తుంది. కానీ రెండుచోట్లా వేసేది ఊరే.

ఇందాక మావయ్యకి ఫోన్ చేసి, మీ రోజుల్లో దీన్ని ఏమనేవారని అడిగాను. "ఏమంటాంరా, వేషం అంటుకుపోయింది అనేవాళ్లం" అన్నాడు. రంగు కడుక్కున్నా పోనిదన్నమాట. నా 'ముద్ర' కన్నా ఇదే బాగుంది. నిఘంటువు పట్టికలో దీన్నే ముందు రాయండి.