హైదరాబాద్ ఎండలకి బుల్లి ఆర్కిడ్లు: గాజు పెట్టె కట్టాల్సిందేనా?

కూకట్‌పల్లి బాల్కనీ: హారెయెల్లా రెట్రోకాలా ఒకటి, డెండ్రోబియం లిండ్లీ ఒకటి తెప్పించాను. రెండూ అరచేతిలో పట్టేంతే. మాది తూర్పు బాల్కనీ, పొద్దున పూట ఎండ పడుతుంది. ఇంత చిన్న జాతులు గాజు పెట్టెలో తప్ప బతకవని కొందరు, పెట్టెలో పెడితే కుళ్ళిపోతాయని కొందరు అంటున్నారు. ఎండాకాలం లోపు తేల్చుకోవాలి. మీరేమంటారు?

గాజుతోట: కట్టాల్సిందేనండీ. ఏప్రిల్ మధ్యాహ్నాలు మన దగ్గర గాలిలో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. హారెయెల్లాకి నీళ్ళు దాచుకునే దుంప లేదు. ఉన్నవల్లా నాలుగాకులు, సన్నటి వేళ్ళు. పాత అక్వేరియం తొట్టి, పైన ఎల్‌ఈడీ లైటు, లోపల చిన్న ఫ్యాన్ ఉంటే చాలు.

మిద్దెమీద మొక్కలు: నేనొప్పుకోను. మే నెలలో 42 డిగ్రీల వేడికి మూసిన పెట్టె కుక్కరైపోతుంది. గాలి ఆడదు, ఆకుల మధ్య నిలిచిన నీళ్ళకి రాత్రికి రాత్రే మొవ్వు కుళ్ళుతుంది. ఇవి చెట్టుకొమ్మ మీద గాలికి బతికే మొక్కలు. మామిడి కర్రకి కట్టి వేలాడదీయండి, సాయంత్రం బాల్కనీ నేల తడపండి.

పచ్చవేరు: మీరిద్దరూ తేమ దగ్గరే ఆగిపోయారు. తేమ మనం ఎలాగోలా తెచ్చిపెట్టగలం. మన చేతిలో లేనిది రాత్రి చల్లదనం. కాబట్టి ముందు చూడాల్సింది ఆ మొక్క ఎంత ఎత్తు కొండల్లో పుట్టింది, అక్కడ రాత్రులు ఎలా ఉంటాయి అని. మాస్డెవాలియా అనే ఆర్కిడ్లలో చాలావరకు దక్షిణ అమెరికా ఆండీస్ కొండల మేఘారణ్యాలవి, వాటికి రాత్రి 10–15 డిగ్రీలుండాలి. న్యూగినీ కొండల డెండ్రోబియం కత్‌బర్ట్‌సోనైకీ చల్లదనమే కావాలి. మే నెలలో మన రాత్రులు 27, 28 దగ్గర ఉంటాయి. ఏ పెట్టె కట్టినా, ఏసీ లేకుండా అవి ఎండాకాలం దాటవు. ఫొటో చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళ ఇళ్ళలో అవి అలా పోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీరు తెచ్చుకున్న రెండూ మన వేడికి తట్టుకునేవే, కానీ ఒకే చోట పెట్టొద్దు. లిండ్లీ ఈశాన్య భారతం, బర్మా, థాయ్‌లాండ్ అడవులది. అక్కడ వానలు వెళ్ళాక నెలల తరబడి పొడి కాలం. అందుకే నవంబరు నుంచి నీళ్ళు బాగా తగ్గించాలి, ఎరువు పూర్తిగా ఆపాలి. దుంపలు ముడతలు పడతాయి, కంగారుపడి నీళ్ళు గుమ్మరించకండి. మన డిసెంబరు చలి దానికి మంచి చేస్తుంది. ఎండలు ముదిరేలోపు బంగారు రంగు గుత్తులు వేలాడతాయి. ఏడాదంతా తేమ పెట్టెలో ఉంచితే ఆకులేస్తుంది, పిలకలు పెడుతుంది, పూత మాత్రం రాదు.

హారెయెల్లా సంగతి వేరు. దానికి నీడ, ఏడాది పొడుగునా తడి కావాలి. వేళ్ళ కింద పల్చగా స్ఫాగ్నం నాచు పరిచి కర్రకి కట్టి, ముందువైపు తెరిచిన పెట్టెలో పెట్టండి. నీళ్ళెప్పుడు పొయ్యాలో దాని వేరు రంగే చెబుతుంది. ఎండినప్పుడు వెండి రంగులో ఉంటుంది, తడి తగలగానే పచ్చబడుతుంది. ఆకు పక్కన కొత్తగా ఏదైనా పొడుచుకొస్తే దాని కొన చూడండి. గుండ్రంగా నిగనిగలాడుతుంటే వేరు, కాస్త చదునుగా పొలుసు కప్పుకుని ఉంటే పూలకాడ. పసుప్పచ్చ రేకులు, మధ్యలో ముదురు మెరూన్ మచ్చ, అంచున సన్నటి కుచ్చు. మొక్కలో సగం ఉంటుందేమో పువ్వు! ఒకటి రాలేలోపు ఇంకొకటి విచ్చుకుంటుంది.

బోరు నీళ్ళు మాత్రం వద్దు. అందులోని ఉప్పుకి వేరు కొనలు మాడిపోతాయి. వాన నీళ్ళు పట్టుకోండి, లేదా ఆర్‌ఓ మంచినీళ్ళు వాడండి.

విశాఖ గాలి: మాకు సముద్రం పక్కనే కాబట్టి పెట్టె అవసరమే రాలేదు, ఫ్యాన్ తిరిగితే చాలు. ఒక్క మాట: చెట్ల మీంచి ఊడబీకిన అడవి మొక్కలు ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. ఆర్కిడ్ విత్తనంలో ఆహారం నిల్వ ఉండదు, తోడు శిలీంధ్రం దొరికితేనే అడవిలో మొలుస్తుంది. పోయిన మొక్క చోట ఇంకోటి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద మొలిపించే పద్ధతిని లూయిస్ నడ్సన్ 1922లోనే ప్రకటించాడు. ల్యాబులో పెంచిన మొక్కలు దొరుకుతుంటే అడవిని దోచడం దేనికి?

న్యూజెర్సీ బేస్‌మెంట్: మాకిక్కడ తలకిందులు. చలికాలం హీటర్‌కి ఇల్లంతా పొడిబారుతుంది, హారెయెల్లాకి పెట్టె తప్పదు. మాస్డెవాలియా మాత్రం బేస్‌మెంట్‌లో లైటు కింద హాయిగా పూస్తుంది. పచ్చవేరు గారు చెప్పిన రాత్రి చల్లదనం మాట నిజం.

గాజుతోట: లిండ్లీని బయటే ఉంచాలంటే సరే. కానీ హారెయెల్లాకి ముందువైపంతా తెరిచిన పెట్టె ఏప్రిల్‌లో చాలదు. సగమైనా మూయాలి.

పచ్చవేరు: సగం మూయండి, ఫ్యాన్ ఆగకూడదు. కరెంటు పోతే మాత్రం తలుపు పూర్తిగా తీసేయండి.

కూకట్‌పల్లి బాల్కనీ: అయితే లిండ్లీ బాల్కనీలో, హారెయెల్లా హాల్లో సగం మూసిన తొట్టిలో. బాల్కనీకి కట్టే షేడ్‌నెట్ ఎండని 50 శాతం ఆపేదా, 75 శాతం ఆపేదా?

మిద్దెమీద మొక్కలు: తూర్పు ఎండేగా, లిండ్లీకి 50 చాలు. మార్చి మొదట్లోనే కట్టేయండి, ఆకు మాడాక కట్టి లాభం లేదు.