“పండించని పంట” అనకూడదా?

పాతపలక:
అందరికీ నమస్కారం. పిల్లల పత్రికకు ఒక వ్యాసం రాశాను. జోర్డాన్‌కు ఈశాన్యాన నేలంతా నల్లటి బసాల్టు రాళ్లు పరుచుకున్న ఎడారి ఉంది, పేరు కూడా నల్ల ఎడారే. అక్కడ షుబైకా అనే చోట 14,400 ఏళ్ల నాటి పొయ్యిల్లో మాడిపోయిన రొట్టె తునకలు దొరికాయి. 2018లో ఆ సంగతి లోకానికి తెలిసింది. అడవి గోధుమ, అడవి బార్లీ, ఓట్లు, నీటి ఒడ్డున పెరిగే తుంగజాతి మొక్క దుంపలు: వీటిని పిండిగా విసిరి, జల్లించి, పిసికి కాల్చుకున్నారట. ఆ ప్రాంతంలో సేద్యం మొదలు కావడానికి అప్పటికి ఇంకా 4 వేల ఏళ్లు ఉంది.

నేను రాసిన వాక్యం: “వాళ్లు తాము పండించని పంటను కోసుకుని రొట్టె చేసుకున్నారు.” సంపాదకురాలు ఎర్రసిరాతో “పండించనిది పంట ఎలా అవుతుంది?” అని పక్కన రాసి, “ధాన్యాన్ని సేకరించి” అని దిద్దారు. సేకరించి అంటే నాకు తపాలా బిళ్లలు పోగుచేసినట్టుంది. తప్పు ఎవరిది?

నిఘంటుపురుగు:
సంపాదకురాలిది కాదు. పంట, పైరు, చేను మూడూ రైతు మాటలే. నాగలి లేని చోట వాటికి పని లేదు.

వంటింటి వ్యాకరణం:
నిఘంటుపురుగు గారూ, అంత తొందర వద్దండీ. వండు నుంచి వంట వచ్చినట్టే పండు నుంచి పంట వచ్చింది. అయితే వండడానికి మనిషి కావాలి, పండడానికి అక్కర్లేదు. కాయ పండుతుంది, చేను పండుతుంది, గోరింటాకు పండుతుంది, తల పండుతుంది. మనిషి చేయి పడిందని చెప్పాలంటే “పండించు” అని ఇంకో ప్రత్యయం తగిలించాలి. కాబట్టి పంట అంటే మొదట పండినది, అంతే. ఎవరు విత్తారన్న ప్రశ్న ఆ మాటలో లేదు. పాతపలక గారి వాక్యంలో వైరుధ్యమేమీ లేదు.

వాడుక మాత్రం సంపాదకురాలి వైపే ఉంది, ఒప్పుకుంటాను. ఈనాటి చెవికి పంట అనగానే గట్టు, బోదె, ఎరువుల బస్తా కనబడతాయి.

ఇంకొక మాట గుర్తు చేస్తాను, నివ్వరి. విత్తకుండా తనంతట మొలిచే వరి. సంస్కృతంలో నీవారం. మంత్రపుష్పంలో “నీవారశూకవత్తన్వీ” అని రోజూ వింటాం కదా, ఆ శూకం నివ్వరి గింజ కొసన ఉండే సన్నటి ముల్లే. రుద్రాభిషేకంలో చదివే చమకంలో వ్రీహులు, యవలు, గోధుమలు అడిగిన నోటితోనే “నీవారాశ్చ మే” అనీ అడుగుతాం. తర్వాతి అనువాకంలో, అంటే తర్వాతి భాగంలో, “కృష్టపచ్యం చ మేఽకృష్టపచ్యం చ మే” అని ఉంది. దున్నిన నేలలో పండేదీ, దున్నని నేలలో పండేదీ రెండూ కావాలని! అడిగినవాడికి రెండూ తిండే. దున్నని దాన్ని కూడా “పచ్యం”, అంటే పండేది, అనే అన్నాడు చూడండి.

చెరువుగట్టు:
మంత్రం సంగతి నాకు తెలియదు గానీ నివ్వరి తెలుసు. మా ఊరి చెరువు లోతట్టున మొలిచేది. చిన్నప్పుడు నేనూ మా అత్తయ్యా చేట పట్టుకుని వెళ్లేవాళ్లం. తెల్లవారగానే, మంచు తడి ఆరకముందే వెళ్లాలి. ఎండెక్కాక వెన్ను, అదే కంకి, ముట్టుకుంటే చాలు, గింజ బురదలో పడుతుంది. అందుకని వెన్నును చేటలోకి వంచి మెల్లగా తట్టేవాళ్లం. అంత పాటు పడితే ఇంటికి వచ్చేది గిద్దెడు. అత్తయ్యేమో “ఇది మన పంట కాదే, పిట్టల పంట” అనేది. పాతపలక గారూ, మా అత్తయ్య మీ పక్షం!

వంటింటి వ్యాకరణం:
అబ్బ, మీరు చెప్పింది అసలు కీలకం. అడవి గోధుమ కూడా అంతే, పండగానే కంకి విరిగి గింజ రాలిపోతుంది. మనిషి కోసి, దాచి, మళ్లీ విత్తగా విత్తగా రాలని రకం మిగిలింది. పురావస్తు తవ్వకాల్లో దొరికిన గింజ అడవిదా, సాగుదా అని చూసేది కూడా ఆ విరిగిన చోటే. నునుపుగా ఊడితే తనంతట రాలింది, గరుకుగా విరిగితే మనిషి నూర్చింది. తెలుగులో చెప్పాలంటే రాలేది నివ్వరి, నూర్చేది వరి.

యూటా నుంచి:
ఒక్క మాట. “సేకరణ దశ”, “ఉత్పత్తి దశ” అని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి గదా, నాకు ఆ “దశ” మీదే అనుమానం. అమెరికాలో నేనుండే ఈ ఎడారి రాష్ట్రంలో సుమారు క్రీ.శ. 300 నుంచి 1300 దాకా ఫ్రీమాంట్ జనం ఉండేవారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వేశారు, కొండ చరియల్లో గాదెలు కట్టుకున్నారు. పైన్ గింజలు ఏరుకోవడం, జింకల వేట మాత్రం మానలేదు. మొక్కజొన్న తిన్నవారి ఎముకల్లో కార్బన్ తేడాగా ఉంటుంది. గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డు చిత్తడి నేలల్లో దొరికిన ఎముకలు చూస్తే కొందరు దాన్ని బాగా తిన్నారు, కొందరు అంతంతమాత్రం. 1300 తర్వాత ఇక్కడ ఆ సాగే ఆగిపోయింది. మెట్టెక్కినవాళ్లు దిగారంటే అది మెట్టేనా?

చెరువుగట్టు:
మా వైపు ఒకే మనిషి పొద్దున కూలికి కోత కోసి, సాయంత్రం అదే చేలో పరిగె, అంటే కోతలో రాలిన కంకులు, ఏరుకునేది. ఆమెది ఏ దశ?

పాతపలక:
అందరికీ దండాలు. నా వ్యాసంలోనూ ఉన్న “దశ” తీసేశాను. ఫ్రీమాంట్ వాళ్ల గురించి “విత్తుకున్న ఏడు విత్తుకున్నారు, లేని ఏడు ఏరుకున్నారు” అని ఒక వాక్యం చేర్చాను. ఈ చర్చంతా సంపాదకురాలికి పంపితే పంటను బతకనిచ్చారు. ఇప్పుడు ఆ వాక్యం “ఎవరూ విత్తని పంటను కోసుకుని” అని ఉంది, నాదానికన్నా బాగుంది కూడా. అయితే ఎర్రసిరా ఇంకా ఆరలేదు. “ఎడారిలో ఓట్లు కోసుకున్నారు అంటే పిల్లలు ఎన్నికలనుకుంటారు, వేరే మాట చూడండి” అన్నారు. ఓట్లకు తెలుగేమిటండీ?