పాత డోపింగ్ కేసులను తవ్వడం సైక్లింగ్‌కు మేలు చేసిందా, చేటు చేసిందా?

బురుజు నీడ (కర్నూలు)
ప్రతి జూలైలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ మొదలు కాగానే మన వాళ్ల మధ్య ఈ వాదన రేగుతోంది కనుక ఒకచోట తేల్చుకుందామని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఉసాడా నివేదికను ఆమోదించి, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2012 అక్టోబరులో అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్‌తో 1999 నుంచి 2005 వరకు గెలిచిన ఏడు టూర్ టైటిళ్లను రద్దు చేసింది. ఆ ఏడేళ్లకు వేరెవరినీ విజేతగా ప్రకటించలేదు. దీనివల్ల ఆటకు ఒరిగిందేమిటన్నదే నా ప్రశ్న. ఆ నివేదిక వెలువడిన కొద్ది రోజులకే, 17 ఏళ్లుగా జట్టును పోషించిన డచ్ బ్యాంకు రాబోబ్యాంక్ పురుషుల జట్టును వదులుకుంది. ఆ రైడర్లు 2013 మొదటి నెలల్లో స్పాన్సర్ పేరు లేని జెర్సీతో తొక్కారు. అంతకు ముందే, 2007లో టెలిఫోన్ కంపెనీ టీ-మొబైల్ పోషించిన జట్టు రైడర్ ఒకరు పరీక్షలో దొరకగానే జర్మనీ ప్రభుత్వ టీవీ చానళ్లు టూర్ మధ్యలోనే ప్రసారం ఆపేశాయి. ఆ ఏడాది ముగియకముందే టీ-మొబైల్ కూడా తప్పుకుంది. జర్మనీ సొంత టూర్ 2008తో ఆగిపోయి మళ్లీ పదేళ్లకు గానీ జరగలేదు. ఇందులో నష్టపోయిన కుర్రవాళ్లు ఎవరి పాపం మోశారు?

గువ్వలచెరువు ఘాట్ (కడప)
నష్టం డోపింగ్ తెచ్చిందే తప్ప విచారణ తెచ్చినది కాదు. ఈపీఓ అనే ఇంజెక్షన్ రక్తంలో ఎర్రకణాలను పెంచుతుంది, కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది. 2000 దాకా దాన్ని పట్టే పరీక్షే లేదు. అందుకని 1997లో యూసీఐ, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 50 శాతం దాటిన రైడర్‌ను పోటీ నుంచి ఆపాలని నియమం పెట్టింది. పరీక్ష చేసేవాళ్లు వస్తున్నారనగానే సెలైన్ ఎక్కించుకుని రక్తాన్ని పలుచన చేసుకోవడం జట్లకు అలవాటైపోయింది. 1998లో ఫెస్టినా జట్టును బయటపెట్టింది ప్రయోగశాల కాదు, సరిహద్దులో ఆ జట్టు సహాయకుడి కారును సోదా చేసిన కస్టమ్స్ సిబ్బంది. 2006లో స్పెయిన్‌లో డాక్టర్ ఫుయెంతెస్ దగ్గర డోపింగ్ కోసం దాచిన రెండు వందలకు పైగా రక్తపు సంచులను పట్టుకున్నది పోలీసులు. ఇవేవీ లేకపోతే 2008లో బయలాజికల్ పాస్‌పోర్ట్ వచ్చేదా? ఒక రైడర్ రక్తం లెక్కలను ఏళ్ల తరబడి నమోదు చేసి, అతని లెక్కతోనే అతన్ని పోల్చి చూసే పద్ధతి అది.

నంద్యాల రోడ్డు
వందల పరీక్షల్లో ఒక్కసారి కూడా దొరకని ఆర్మ్‌స్ట్రాంగ్‌ను కేవలం మాటల సాక్ష్యంతో శిక్షించడం ఏ న్యాయం?

గువ్వలచెరువు ఘాట్ (కడప)
పదకొండు మంది పాత సహచరులు ప్రమాణం చేసి చెప్పినదాన్ని మాటలు అని కొట్టిపారేయలేం. పైగా 1999లోనే ఆయన నమూనాలో కార్టికోస్టెరాయిడ్ (మందుచీటీ లేకుండా వాడకూడని మందు) ఆనవాళ్లు కనిపిస్తే, పాత తేదీ వేసిన మందుచీటీతో తప్పించారని ఆ నివేదికే చెబుతోంది.

నంద్యాల రోడ్డు
మందుచీటీ ఉన్నప్పుడు అది పాజిటివ్ ఎలా అవుతుంది? నా ప్రశ్నకు జవాబు రాలేదు.

తుంగభద్ర గట్టు
2013 జనవరిలో టీవీ ముందు కూర్చుని ఆయనే ఒప్పుకున్నాడు కదా అన్నా, ఇంకా ఎవరి తరఫున వాదిస్తున్నారు?

అనంత శిక్షకుడు (అనంతపురం)
ఆర్మ్‌స్ట్రాంగ్ మీద నాకు జాలి లేదు, కానీ శిక్షల తీరు చూడండి. సాక్ష్యం చెప్పిన సహచరుల్లో అప్పటికీ తొక్కుతున్నవారికి పడినది ఆరు నెలల నిషేధం, అదీ సీజన్ చివర్లో మొదలై చలికాలంలో గడిచిపోయింది. 1996 టూర్ విజేత రీస్ డోపింగ్ చేశానని 2007లో తానే ఒప్పుకున్నా, కాలపరిమితి దాటింది కనుక ఆయన పేరు జాబితాలోనే ఉంది. ఫుయెంతెస్ 2016లో అప్పీలులో నిర్దోషిగా బయటికి వచ్చాడు. ఆ సంచుల్లోని రక్తం ఎవరిదో తేల్చేసరికి చర్య తీసుకునే గడువే లేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నట్టుంది. ఆదివారం ఉదయం ఘాట్ ఎక్కి, పాలకోవా తిని దిగే వారికి ఇది అర్థం కాదు.

గువ్వలచెరువు ఘాట్ (కడప)
సార్, మీరు శిక్షకులు. మా గురించి మాట్లాడే ముందు మీ శిబిరాల్లో ఏం జరుగుతోందో చెప్పండి.

బురుజు నీడ (కర్నూలు)
ఇద్దరూ వ్యక్తిగత వ్యాఖ్యలు మానాలని మనవి.

అనంత శిక్షకుడు (అనంతపురం)
అడిగారు కనుక చెబుతాను. నా దగ్గర సాధన చేసిన ఒక కుర్రవాడు జిమ్ పక్క దుకాణంలో ప్రొటీన్ పొడి డబ్బా కొన్నాడు. దానిమీద అసలు లేబుల్ చింపి, వేరే స్టిక్కర్ అంటించి ఉంది. గోకి చూస్తే కింద పాత అక్షరాలు కనిపించేవి, కానీ అప్పుడు గోకాలని మాకు తోచలేదు. పోటీ తర్వాత నమూనాలో స్టెరాయిడ్ తేలింది. ఒంట్లో ఉన్నదానికి క్రీడాకారుడే బాధ్యుడన్నది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమం. పొరపాటుగా తీసుకున్నానని నిరూపించుకోలేకపోతే నాలుగేళ్లు. అతను ఇప్పుడు తాడిపత్రి రోడ్డులో లారీ షెడ్డులో పని చేస్తున్నాడు. ఆ దుకాణం అదే సందులో, అదే బోర్డుతో నడుస్తోంది.

గువ్వలచెరువు ఘాట్ (కడప)
ఇప్పుడు నా మాట కూడా వినండి. మా చెల్లెలు జూనియర్ రాష్ట్ర పోటీల్లో నాలుగో స్థానంలో వచ్చింది. మూడో స్థానం వరకే ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే క్రీడా కోటాలో దరఖాస్తు చేసేది. ఆ రోజు మరుగుదొడ్డి కిటికీ మీద పాత పేపర్లో చుట్టిన సిరంజిలు మేమిద్దరం చూశాం. ఎవరినీ పరీక్షించలేదు. ఫెస్టినాలో మందు ముట్టని రైడర్ బాసోన్స్ 1999 టూర్‌లో పత్రికలో నిజం రాస్తే, ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి వెళ్లిపొమ్మన్నాడు. అతను పోటీ మధ్యలోనే ఇంటికి వెళ్లాడు. అలాంటివారికి ఎవరు లెక్క చెబుతారు? మీరు దొరికినవాడి గురించి బాధపడుతున్నారు, నేను ఓడిపోయినదాని గురించి బాధపడుతున్నాను.

తుంగభద్ర గట్టు
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

అనంత శిక్షకుడు (అనంతపురం)
మీ చెల్లెలికి జరిగినది అన్యాయమే, కాదనను. కానీ మా కుర్రవాడిని ఆపినందువల్ల ఆమెకు ఆ స్థానం రాలేదు. మందు అమ్మినవాడిని పట్టుకుంటే ఇద్దరికీ ఉపయోగం ఉండేది. జర్మనీలో 2019లో క్రీడాకారులకు రక్తం ఎక్కించి డోపింగ్ చేయించిన అదెర్లాస్ కేసు బయటపడింది. 2021 జనవరిలో కోర్టు మార్క్ ష్మిట్ అనే వైద్యుడికి 4 ఏళ్ల 10 నెలల జైలు శిక్ష వేసింది. తవ్వితే అలా తవ్వాలి.

గువ్వలచెరువు ఘాట్ (కడప)
ఆ కేసు కూడా ఒక ఆస్ట్రియా స్కీయర్ టీవీలో నోరు విప్పడంతో మొదలైనదే. చెప్పినవారికి శిక్ష తగ్గిస్తేనే పైవాడి పేరు బయటికి వస్తుంది, అందుకే ఆ ఆరు నెలల నిషేధాన్ని నేను తప్పుపట్టను.

నంద్యాల రోడ్డు
మందుచీటీ సంగతి ఎవరూ చెప్పనే లేదు.

అనంత శిక్షకుడు (అనంతపురం)
మా కుర్రవాడు దుకాణం పేరు చెప్పడానికి మొదటి రోజు నుంచీ సిద్ధంగానే ఉన్నాడు. డబ్బా కూడా మా గదిలోనే ఉంది. అడగడానికి ఎవరూ రాలేదు.